వేళ్ళ మీది గీతలు

"ఇక రుద్దడమేగా మిగిలింది" అంటూ లహ్సెన్ బుట్ట తెచ్చి గడపలో పెట్టి, వచ్చినంత వేగంగానూ కొట్టుకి వెళ్ళిపోయాడు. పెళ్ళయిన నాటి నుంచీ రఖియా ఆ బుట్టనీ చూస్తోంది, ఆ మాటనీ వింటోంది. సముద్రం ఒడ్డునున్న ఎస్సవీరా ఊళ్ళో కోటగోడ కింద వరసగా ఉన్న కొట్లలో మగవాళ్ళు లేతు మీద చెక్క తిప్పి పెన్నుల గొట్టాలు చెక్కుతారు. చెక్కినవాణ్ణి ఊరంతా మాలెం అంటుంది, అంటే ఉస్తాదు. ఆ గొట్టాలు ఇళ్ళకి వస్తాయి. ఇళ్ళలో ఆడవాళ్ళు వాటిని నున్నగా రుద్ది మెరుగు పెట్టి తిరిగి పంపుతారు. వాళ్ళని ఎవరూ ఏమీ అనరు. అడిగితే "మా ఇంట్లోవాళ్ళు" అంటారు, అంతే. సొమ్మొకడిది సోకొకడిది అంటే ఇదే.

ఇంతకుముందు తుయా వేరు వచ్చేది. గట్టి చెక్క, కొంచెం రుద్దితే చాలు అద్దమైపోయేది. అడవిలో దాన్ని కొట్టనివ్వడం మానేశాక లహ్సెన్ అంజూర చెక్క పట్టుకొచ్చాడు. మెత్తనిది, లేతు మీద వెన్నలా తెగుతుంది. చెక్కేవాడికి పండగ. కానీ దాని ఒళ్ళంతా రంధ్రాలే. పైపైన రుద్ది లక్క పూస్తే ఆ రోజుకి మెరుస్తుంది, వారం తిరక్కుండా ఈ సముద్రపు చెమ్మకి గుంటలు తేలి చెయ్యి తగిలిన చోటల్లా మురికి పట్టేస్తుంది. అందుకని ముందు పలచని లక్క తాగించాలి. తడి ఆరకముందే ఉప్పుకాగితంతో రుద్దాలి, రాలిన పొడి లక్కలో కలిసి రంధ్రాల్లోకి దిగేలా. ఆరనివ్వాలి. ఇంకా సన్న కాగితంతో మళ్ళీ అదే. గట్టిగా నొక్కితే మెత్తటి భాగం కిందికి దిగి గట్టి చారలు పైకి లేస్తాయి, అప్పుడు మొదటికే మోసం. పొడి కూడా అదే చెక్కది కావాలి. కొత్తలో పాత డబ్బాలోని తుయా పొడి వాడి, తెల్లటి పెన్నులన్నీ అమ్మవారు పోసినట్టు ఎర్రటి చుక్కలతో పాడుచేసుకుంది. "రుద్దడం కూడా రాదా నీకు?" అన్నాడు లహ్సెన్. ఆ మాట ఇంకా గుచ్చుకుంటూనే ఉంది.

చేతికి తొడుగు వేసుకుంటే పని సాగదు. రంధ్రం కంటికి ఆనదు, వేలికే తెలియాలి. కాగితం చెక్కనే కాదు, పట్టుకున్న వేళ్ళనీ అరగదీస్తుందని, మిగిలింది లక్క కరిగించే స్పిరిట్ తినేస్తుందని అందరికీ తెలుసు. ఎద్దు పుండు కాకికి నొప్పా?

ఆ ఉదయమే రఖియా గుర్తింపు కార్డు ఆఫీసుకి వెళ్ళొచ్చింది. పాత కార్డు గడువు తీరిపోయింది. ఫాద్మా, మరికొందరు రుద్దే ఆడవాళ్ళు కలిసి కోటకి సముద్రం వైపున్న దర్వాజా పక్కన సొంతంగా ఒక గది తీసుకుంటున్నారు. పని వాళ్ళది, పెన్ను మీద ముద్ర వాళ్ళది. చేరాలంటే కార్డు కావాలి. "నా పేరుతో అమ్ముడుపోతుంటే నీకు వేరే పేరెందుకే?" అని లహ్సెన్ నవ్వాడు. "సరే, తెచ్చుకో కార్డు, చూద్దాం" అని కూడా అన్నాడు. తెచ్చుకుందామనే వెళ్ళింది.

ఆఫీసులో కుర్రది గాజుపలక మీద వేళ్ళు పెట్టమంది. తుడిచి పెట్టమంది. ఈ చెయ్యి కాదు, ఆ చెయ్యి అంది. చివరికి తెర వైపు చూసి, "ఏమ్మా, నీ వేళ్ళ మీద ఏమీ లేదే! గీతలేవి?" అంది. వెనక వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు. రఖియాకి ఒంటి మీద గుడ్డ జారిపోయినంత సిగ్గేసింది. ఇన్నేళ్ళు దేన్ని అరగదీస్తోందో ఆ క్షణాన తెలిసొచ్చింది. కుర్రది మంచిదే, గొంతు తగ్గించి చెప్పింది: "ఓ రెండు నెలలు ఆ కాగితం ముట్టుకోకు. నూనె రాసుకో. వస్తే వస్తాయి. అప్పుడు రా."

వస్తే వస్తాయి. దారి పొడుగునా ఆ మాటే నమిలింది. రెండు నెలలు ఖాళీగా కూర్చోనిచ్చే ఇల్లేనా ఇది? రొట్టె చెయ్యాలి, చేపలు కడగాలి, అత్తకి కాళ్ళు పట్టాలి, అవన్నీ అయ్యాక రుద్దాలి. దాన్ని పనిలో లెక్కే వెయ్యనివాళ్ళతో మానేస్తానని ఎలా చెప్పడం?

బుట్ట ముందు కూర్చుంది గానీ కాగితం ముట్టుకోలేదు. నిన్న తన చేత్తో ముగించిన పెన్ను తీసి వేలితో నిమిరింది. నున్నగా ఉంది. కింది పెదవికి ఆనించి మెల్లగా లాగింది. గరుగ్గా తగిలింది.

"వేళ్ళు పోయాయన్నమాట" అంది మూల మంచం మీంచి అత్త తమూ; పెద్దావిడ గనక అందరూ లల్లా అంటారు. పెదవితో చూడ్డం నేర్పింది ఆవిడే.

"పోయాయి లల్లా. ఆఫీసులో వేలిముద్ర పడలేదు."

ఎప్పుడూ ఏదో ఒక పుల్ల విరుపు మాట సిద్ధంగా ఉండే మనిషి ఈసారి తన చెయ్యి చాపి రఖియా అరచేతిలో పెట్టింది. వేళ్ళ కొసలు సబ్బుబిళ్ళల్లా ఉన్నాయి.

"నా గీతలు మళ్ళీ రానేలేదే" అంది. "మానేసి పదేళ్ళు దాటింది. నేను ఆలస్యంగా మానేశాను."

రఖియాకి ఏడుపొచ్చింది. తన కోసమో, ఆవిడ కోసమో తనకే తెలియలేదు.

సాయంత్రం అసర్ నమాజు అయ్యాక లహ్సెన్ వచ్చాడు. బుట్ట పెట్టిన చోటే ఉంది. "ఏమే, ఇంకా మొదలే పెట్టలేదా? శనివారం బేరగాడొస్తాడు. వాడికి నా ముఖం చూపించాలా వద్దా?"

రఖియా నిన్నటి పెన్ను అతని చేతిలో పెట్టింది. "ఇది ఎలా ఉందో చూడు."

బొటనవేలితో ఒక్కసారి నిమిరాడో లేదో ముఖం చిట్లించాడు. "ఏం పనే ఇది? అన్నీ రంధ్రాలే! గుడ్డివాడికైనా తెలుస్తుంది."

"నాకు తెలియలేదు. నున్నగా ఉందనుకున్నాను. కార్డు ఆఫీసులో నా వేళ్ళ మీద గీతల్లేవన్నారు."

"అయితే?"

"నీకు తెలిసిందిగా! వేళ్ళున్నది నీకు. ఇక నువ్వే రుద్దు."

"నేనా? మాలెంని, నేను ఉప్పుకాగితం పట్టుకుని ఇంట్లో కూర్చోవాలా? పిచ్చిగానీ పట్టిందా నీకు? అమ్మా, విన్నావా దీని మాట!"

తల్లి తన వైపే మాట్లాడుతుందని అతనికి ధీమా. ఎప్పుడూ అంతే మరి. లల్లా తమూ మంచం దిగి, గోడ పట్టుకుని వచ్చి, లక్క గిన్నె కాలితో కొడుకు ముందుకి జరిపింది.

"కూర్చోరా. రుద్దడమేగా మిగిలింది" అంది.

రఖియా లేచి, వంటింట్లోంచి అర్గాన్ నూనె సీసా తెచ్చుకుని వాకిట్లో కూర్చుంది. చుక్క వేసుకుని ఒక్కో వేలికీ నింపాదిగా రాసింది. లోపల లహ్సెన్ తిడుతున్నాడు. పడమటి వెలుగులో వేళ్ళు పైకెత్తి చూసుకుంది. ఏ గీతా లేదు. నూనె సీసాకి మూత పెట్టబోయి ఆగింది. లోపలికి తిరిగి, "లల్లా, నీ చెయ్యి కూడా ఇలా ఇవ్వు" అంది.