కిటికీ లేని గోడ

అన్నాల వేళ దాటిపోయినా ఇటుకల తట్ట ఆమె నెత్తి మీంచి దిగలేదు. పాత పోలీస్ స్టేషన్ లాడ్జి కాబోతోంది. రాతి మెట్లు, వంపు తిరిగిన వసారా చూసుకుని కాంట్రాక్టరు తన తాతే కట్టించినంతగా మురిసిపోతున్నాడు. ఎస్సై గది రిసెప్షనట, తుపాకుల గది వంటగదట. లాకప్పు మాత్రం ఉత్త చీకటి కొట్టు.

"వెనక గోడ పగలగొట్టి కిటికీ పెట్టెయ్ మేస్త్రీ. ఇవాళే అయిపోవాలి," అన్నాడు ఆమె మొగుడితో.

ఆమె తట్ట కిందికి దించేసింది. ఆమె అన్న పోయింది ఈ గదిలోనే. ఇటుక బట్టీలో కూలి పెంచమని నలుగురినీ పోగేసినందుకు పట్టుకొచ్చారు. తెల్లారేసరికి, వెనక కిటికీ ఊచకు తువ్వాలుతో ఉరేసుకున్నాడని కబురు. శవాన్ని అప్పగించారు గాని, గది గుమ్మం తొక్కనివ్వలేదు. అమ్మ ఇప్పటికీ, "పిరికి సన్నాసి, నన్ను నట్టేట ముంచాడు" అని కొడుకునే తిట్టుకుంటుంది.

మరి ఆ కిటికీ ఏది? తర్వాత మూసేశారేమో. ఆమెకు ఎవరి మీదా నమ్మకం లేదు, తన కళ్ల మీద కూడా. మొగుడు సుత్తి కోసం వెళ్లగానే తాపీ అందుకుని సున్నం గీకింది. మూసిన కిటికీ అయితే రెండు పక్కలా నిలువు అతుకు కనబడి తీరాలి. ఈ మూల నుంచి ఆ మూల దాకా గీకినా ఇటుక వరస ఎక్కడా తెగలేదు. బయటి గోడ ఇదొక్కటే. తలుపు చూస్తే ఊచల్లేని నిండు ఇనపరేకు.

"ఏంటే ఆ గీకుడు?" మేస్త్రీ గుమ్మంలో నిలబడ్డాడు.

"ఇక్కడ కిటికీ ఎప్పుడూ లేదయ్యా."

అతను గోడ వంక చూడకుండా సుత్తి పిడి తుడిచాడు. అది ఆమెకు నచ్చలేదు.

"అప్పట్లో ఏటా ఈ స్టేషన్‌కి సున్నం కొట్టింది నువ్వేగా?"

"మెల్లగా మాట్లాడవే... పిల్లలున్నోళ్లం. నోరిప్పితే నన్ను బతకనిచ్చేవాళ్లా?"

ఇన్నేళ్లూ అత్త ఏడుపు పక్కనే కూర్చుని విన్న మనిషి! ఆమెకు ఒళ్లంతా అసహ్యం పుట్టింది, జాలి కూడా వేసింది.

"ఇంకా మొదలెట్టలేదా?" కాంట్రాక్టరు లోపలికొచ్చాడు. "పక్కకి జరుగమ్మా."

ఆమె గోడకు వీపు ఆనించింది.

"జరగను. ముందు మా అమ్మ వచ్చి ఈ గోడ చూడాలి. ఆ తర్వాత ఊరంతా చూడాలి."

"ఏం మేస్త్రీ, నీ పెళ్లానికి నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా?"

మేస్త్రీ సుత్తి ఎత్తాడు. కొట్టడానికో, కింద పెట్టడానికో అతనికే తెలిసినట్టు లేదు. ఆమె మాత్రం కదల్లేదు.