ఇంటి ఏడు ఓట్లు

ఖల్ఫాన్ కాఫీ ముట్టుకోలేదు. చిట్టి కప్పును తివాచీ మీద పెట్టి, అది చల్లారిపోతున్నా అలాగే కూర్చున్నాడు. వచ్చిన మనిషి కాఫీ తాగకుండా కింద పెట్టాడంటే ఏదో అడగడానికి వచ్చాడన్నమాట. ఇస్తానని ఇంటివాడు మాటిస్తే గానీ తాగడు. మాట ఇచ్చేయడమంటే ఇంటాయన జబర్‌కు మొదటినుంచీ సరదానే.

"తాగన్నా, నువ్వడిగింది ఇచ్చినట్టే."

"మున్సిపల్ కౌన్సిల్‌కి నిలబడుతున్నానురా. మీ ఇంటి ఓట్లు నాకే పడాలి."

"ఏడూ నీవే!"

పెదనాన్న కొడుకు ఖల్ఫాన్ సంతోషంగా కప్పు ఎత్తాడు. దేశంలో ఇలాంటి ఎన్నిక ఇదే మొదలు. ఆడవాళ్ళకూ ఓటుందని రేడియో రోజూ చెబుతూనే ఉంది. ఆ వార్త విని, ఇంట్లో ఓట్లు పెరిగాయని జబర్ మురిసిపోయాడు కూడా. అంతకు మించి ఆలోచించలేదు మహానుభావుడు.

మధ్యాహ్నం భోజనాల దగ్గర చెప్పాడు. ఆడపిల్లల బడిలో పాఠాలు చెప్పే పెద్దకూతురు లుల్వా చేతిలో ముద్ద ఆపింది.

"నా ఓటు నువ్వెలా ఇచ్చేశావు నాన్నా?"

"మాటిచ్చానమ్మా."

"నీ మాట నువ్విచ్చావు. నాది నా దగ్గరే ఉంది."

భార్య హిస్సా చేపముల్లు తీసి పక్కన పెట్టింది. "నాదీ అంతే. ముప్ఫై ఏళ్ళయింది కాపరానికొచ్చి. మీ అన్నగారికి నా పేరైనా తెలుసా?"

మూడు రోజులు జబర్ ఎటూ తేల్చుకోలేకపోయాడు. చీటీ పెట్టెలో పడ్డాక ఎవరిది ఎవరికో తెలియదు. నోరు మూసుకుంటే సరిపోయేది. కానీ ఆ మాట నమ్మి అన్న కాఫీ తాగాడు. వెనక్కి తీసుకుంటే వక్రా ఊళ్ళో తల ఎత్తుకోలేడు, తీసుకోకపోతే ఇంట్లో ఎత్తుకోలేడు.

నాలుగోరోజు సాయంత్రం జబర్, ఖల్ఫాన్ ఇంట్లో మగవాళ్ళు కూడే చావడికి, మజ్లిస్‌కు వెళ్ళాడు. ఇరవైమంది మగవాళ్ళు కూర్చుని ఉన్నారు.

"అన్నా, నాకున్నది ఒక్క ఓటే. అది నీదే. మిగతావి ఎవరివి వాళ్ళవి. తెలియక ఇచ్చాను."

ఖల్ఫాన్ మొహం కందగడ్డయింది. "మీ నాన్న మాటిస్తే ఇల్లంతా ఇచ్చినట్టేరా! ఆయన కడుపున నువ్వెలా పుట్టావురా?"

"ఎవరు కావాలని ఆయన్ని మాత్రం ఎవరడిగారన్నా? ఆయన రోజుల్లో ఓట్లే లేవు."

 మూలనున్న పడవల మిఫ్తా దగ్గాడు. "నేనూ తొమ్మిది ఓట్లన్నాను గానీ... మా వాళ్ళనెవర్నీ అడగలేదు." అతని పక్కవాడు తల వంచుకున్నాడు. ఆ పక్కవాడూ అంతే. నూట ముప్ఫై ఓట్లు లెక్కేసుకున్న ఖల్ఫాన్‌కు చూస్తుండగానే ఇరవై చిల్లర మిగిలాయి. జబర్‌కు జాలేసింది.

ఖల్ఫాన్ గొంతు తగ్గించి అడిగాడు. "సరే, అయ్యిందేదో అయ్యింది. ఆడవాళ్ళకేం కావాలో చెప్పండి, అదే చేయిస్తానంటాను."

ఇరవైమందీ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. రోడ్డంటారా? వీధిదీపాలా? జబర్ నోరు తెరిచాడు. తనతో ముప్ఫై ఏళ్ళు ఒకే పళ్ళెంలో తిన్న హిస్సాకు ఏం కావాలో ఒక్కటీ తట్టలేదు. ఇచ్చిన మాట తప్పినప్పుడు కూడా అంత సిగ్గు పడలేదు అతను.

"ఇంట్లో కనుక్కొస్తానన్నా," అని లేచాడు. వెనకే మిఫ్తా కూడా చెప్పులు వెతుక్కున్నాడు.