అరవై ఒకటో ప్రశ్న

ఆఫీసులో అందరూ పెద్దాయన అని పిలిచే ఆ విశ్రాంత ప్రోగ్రామరుకు ఎర్ర అట్ట నోటుపుస్తకం ఒకటి ఉండేది. కొత్త ప్రోగ్రాము ఏదైనా సరే, అందులోని వంద ప్రశ్నలకూ సరైన జవాబులిస్తే తప్ప ఆ సంస్థ గడప దాటేది కాదు. ప్రశ్నలూ ఆయనవే, జవాబులూ ఆయనవే. ముప్పై ఏళ్ళలో ఆ పుస్తకాన్ని వేలెత్తి చూపిన మొనగాడు లేడు.

ఉద్యోగుల వివరాల ప్రోగ్రామును తిరగరాయవలసి వచ్చినప్పుడు, అక్కడ మేనేజరుగా ఉన్న ఆయన మేనల్లుడు ఒక పోటీ పెట్టాడు. ఒక పక్క కృత్రిమ మేధ, మరో పక్క పెద్దాయన దగ్గరే పని నేర్చుకున్న అమ్మాయి. ఎవరితో పని చేయించుకోవాలో తేల్చమని మావయ్యకు కబురు పెట్టాడు. రిటైరయ్యాక వచ్చిన తొలి పిలుపు కనుక ఆయన ఇస్త్రీ చొక్కా తొడుక్కుని మరీ వెళ్ళాడు.

యంత్రం గంటలో ముగించింది, నూటికి నూరు. అమ్మాయికి పన్నెండు రోజులు పట్టింది, తొంభై తొమ్మిది. తప్పినది అరవై ఒకటో ప్రశ్న: రెండు వేల సంవత్సరంలో ఫిబ్రవరి ఇరవై తొమ్మిది చెల్లుతుందా? చెల్లదని పుస్తకంలో ఉంది. ఆమె ప్రోగ్రాము చెల్లుతుందంది.

ఆమె ఆయన బల్ల దగ్గరికి వచ్చి నిలబడింది.

“మాస్టారూ, ఆ జవాబు ఒక్కసారి చూడండి.”

“నాలుగుతో భాగిస్తే చాలనుకుంటారు మామూలు జనం. వందతో పోయే ఏడాదికి లీపు ఉండదమ్మా.”

“నాలుగు వందలతో కూడా పోతే మళ్ళీ ఉంటుంది కదండీ...”

“ఆ పుస్తకం వయసు నీకంటే ఎక్కువ,” అన్నాడాయన, తలెత్తకుండానే.

యంత్రమే మేలని నివేదిక రాసి, కింద నిండు సంతకం పెట్టాడు.

వారం తిరగకుండానే, కొత్త ప్రోగ్రామును దగ్గరుండి చూసుకుంటున్న ఆయన ముందుకు గుమాస్తా ఒక సర్టిఫికెట్ పట్టుకొచ్చాడు.

“అమ్మాయిని ఉద్యోగం నుంచి పంపించే కాగితం తీయాలండీ. ఈవిడ పుట్టిన రోజే లేదంటోందిది. ఒక రోజు ముందుకు జరిపేయనా?”

రెండు వేలు, ఫిబ్రవరి ఇరవై తొమ్మిది. పెద్దాయన చెవులు వేడెక్కాయి. ఏమీ తెలియనివాడైనా ఆ జవాబు సరిగ్గా చెప్పేవాడు. అంతా తెలిసినవాడూ చెప్పేవాడు. సగం తెలిసిన తానే బోల్తా పడ్డాడు. ప్రోగ్రాముతో పాటు యంత్రం ఇచ్చినా అప్పుడు తాను చదవకుండా వదిలేసిన వివరణ పుటలు తిరగేశాడు. ఒక మూల ఇలా ఉంది: ‘ఈ జవాబు క్యాలెండరుకు విరుద్ధం. పుస్తకంతో సరిపోవాలన్నారు కనుక ఇలాగే రాశాను.’

ఇద్దరూ చెప్పారన్నమాట. ఒకరు ఎదుట నిలబడి చెప్పి, తప్పు రాయడానికి ఒప్పుకోలేదు. మరొకటి మూలన చెప్పి, తప్పే రాసింది. నూరు మార్కులు దానికి వేసింది తన చెయ్యే.

అమ్మాయి బల్ల దగ్గరికి వెళ్ళేసరికి ఆమె సొరుగు ఖాళీ చేసుకుంటోంది.

“నీ పుట్టినరోజని ఒక్క ముక్క అనకపోయావా తల్లీ?”

“పనిలో సొంత సంగతులు తేవద్దని చెప్పింది మీరే కదండీ, మొదటి రోజునే,” అందామె. ఆ గొంతులో నిష్ఠూరం లేకపోవడమే ఆయనకు ఎక్కువ గుచ్చుకుంది.

మేనల్లుడి గదిలో ఆయన కూర్చోలేదు. తప్పు తనదని, ఆ నివేదిక చింపేయమని, అమ్మాయిని ఉంచుకోమని అడిగాడు. మేనల్లుడు ఓపికగా విని, కంప్యూటరు మీద నాలుగు మాటలు కొట్టి, కాసేపు ఆగాడు.

“సరిచేసేసింది మావయ్యా. మూడు నిమిషాలు.”

“నేనడిగింది అది కాదురా.”

“తెలుసు మావయ్యా. ఆ నివేదిక మీ సంతకంతోనే డైరెక్టర్లకు వెళ్ళిపోయింది. రేపు ఇంకో తప్పు దొరికినా అంతే, మూడు నిమిషాలు.”

దొరకాలంటే ఎవరో ఒకరు ఎదురు నిలబడి చెప్పాలి కదరా అన్న మాట పెద్దాయన నాలుక చివరిదాకా వచ్చింది. అలా నిలబడి చెప్పిన మనిషికి తాను చేసిన మర్యాద గుర్తొచ్చి మింగేశాడు.

బయట గుమాస్తా ముఖం వికసించి ఉంది. “ఇప్పుడు తీసుకుందండీ,” అన్నాడు.

ప్రింటరులోంచి అమ్మాయి కాగితం మెల్లగా బయటికి వస్తోంది. పుట్టిన తేదీ గడిలో అంకెలు పొల్లుపోకుండా ఉన్నాయి.