నుదుటి మీది మచ్చ

కంప్యూటర్ ముందు కూర్చున్న మరదలి వెనక బావ కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాడు. స్టూడియో ఆయనది. బడి వదిలేలోగా పిల్లల ఫోటోలు అందించాలి.

"ఒక్కొక్కటీ దిద్దుతూ కూర్చుంటే తెల్లారినట్టే. అందర్నీ ఒకే స్టూలు మీద కూర్చోబెట్టాంగా? ఒకటి బాగుచేసి మిగతావాటికి అంటించెయ్."

ఆయన మాటా నిజమే. మొదటి పిల్లాడి ఫోటోలో వెలుతురు పెంచింది, పసుపు తగ్గించింది, నుదుటి మీద రూపాయి బిళ్ళంత సిరా మరక చెరిపేసింది. ఆ మార్పులన్నీ కాపీ చేసి, తరగతి మొత్తాన్నీ ఎంచుకుని, ఒక్క నొక్కు నొక్కింది. చిటికెలో పని అయిపోయింది. ప్రింట్లు పట్టుకుని బావ బండెక్కాడు.

ఆయన వెళ్ళాక ఆమెకు కుదురు లేకపోయింది. లేచింది, కూర్చుంది. టీ చల్లారిపోయింది. చెయ్యి మళ్ళీ మౌస్ మీదికే పోయింది. ఫోటోలు ఒక్కొక్కటే తిప్పుతూ, జుట్టు వెనక్కి లాగి క్లిప్పు పెట్టుకున్న పిల్ల దగ్గర ఆగిపోయింది. ఆ పిల్ల నుదుటి మీద తెల్లమచ్చ ఉండాలి. లేదు. మొదటి పిల్లాడి సిరా మరక ఉన్నచోటే ఈ పిల్ల మచ్చ ఉండేది. మరకతో పాటు అదీ కొట్టుకుపోయింది.

బావకు ఫోన్ చేసి సంగతి చెప్పింది.

"పంచేశారు. అయినా మంచిదేగా! వాళ్ళమ్మ మనకు దణ్ణం పెడుతుంది."

ఆమె ఫోన్ పెట్టేసింది. చెప్పులేసుకుని బడికి పరుగెత్తింది.

గేటు దగ్గర ఆ పిల్ల ఒక చేత్తో ఫోటో, ఇంకో చేత్తో తల్లి చెయ్యి పట్టుకుని నిలబడి ఉంది. "అమ్మా, ఇది నేను కాదు," అంటోంది.

తల్లి స్టూడియో అమ్మాయిని గుర్తుపట్టింది. "ఇన్నాళ్ళూ జుట్టు ముందుకేసుకుని తిరిగిందండీ. చూస్తే చూడనీ అని ఈసారే క్లిప్పు పెట్టుకుంది. తీరా మీరు దాచేశారు."

"దాచలేదమ్మా. అసలు చూడలేదు." ఆ మాట ఆమె నోటికే చేదుగా తగిలింది.

"మళ్ళీ తీస్తారా?" అంది పిల్ల.

"అక్కర్లేదు. నీ అసలు ఫోటో భద్రంగానే ఉంది. రండి."

స్టూడియోలో మార్పు తీసేయగానే తెరమీద మచ్చ తిరిగొచ్చింది. పిల్ల, ముక్కు తెరకు ఆనేంత దగ్గరగా వంగి చూసింది. "ఇంకాస్త వెలుతురు పెట్టక్కా."

కొత్త ప్రింటు పట్టుకుని వాళ్ళు వెళ్ళేసరికి బావ వచ్చాడు. "ఇంకా ఏం చేస్తున్నావ్?"

"మిగతావి చూస్తున్నా."

"అన్నీనా?"

"అన్నీ."

ఆయన గొణుక్కుంటూనే కుర్చీ లాక్కున్నాడు. కాసేపటికి తెర మీదికి వంగాడు. "అందరి నుదురు వచ్చిన చోట ఈ పొడుగోడి బుగ్గ వచ్చింది. దాని మీద పుట్టుమచ్చ ఉండాలి కదే?"