తడి ఆరని మొదటి ఫారం

కాగితం అంచును అంచుతో కలిపి, నున్నటి చెక్కముక్కతో ఒక్కసారి నొక్కి, పక్కకు తిప్పి మళ్ళీ మడిచింది. మూడు మడతలకు పదహారు పేజీలు. బైండింగు షెడ్డులో దాన్ని ఫారం అంటారు. పొద్దుటి నుంచి బల్ల మీద కుప్ప ఆమె గడ్డం దాకా పెరిగింది గాని, మడత చప్పుడు మాత్రం ఎవరి చెవినా పడలేదు.

ఆ షెడ్డులో ఏ పుస్తకమైనా చివరి ఫారంతోనే మొదలవుతుంది. అది అడుగున పడితేనే మొదటిది పైకొస్తుంది. ప్రెస్సువాళ్ళు కూడా ఆ వరసలోనే అచ్చువేసి పంపుతారు. ముప్పై ఏళ్ళుగా అడుగు ఫారం మడిచేది ఆమే కనుక అందరూ చివరక్క అని పిలుస్తారు. అచ్చు చెదిరిన కాగితం మడిచినవాళ్ళదే అన్నది అక్కడి ఆనవాయితీ. వాటిని ఇంటికి తీసుకెళ్ళి చదువుకునేది. కథల పుస్తకాల్లో ముందు చావు, తర్వాత పెళ్ళి, ఆఖరికి పుట్టుక. చెల్లెలికి చెబితే ఇద్దరూ పడీ పడీ నవ్వేవారు.

ఈసారి వచ్చింది కథల పుస్తకం కాదు, యోగశాస్త్రం. తొమ్మిది ఫారాలు, వారానికి ఒకటి. ఇన్నేళ్ళుగా చేతులు ఒకచోట, మనసు వందచోట్ల. అది ఒక్కసారి నిలబడితే ఎలా ఉంటుందో చూడాలనుకుని చాప పరుచుకుని కూర్చుంది. మొదటి వారమే చేతికొచ్చింది చిట్టచివరి పాఠం: లోపల కూర్చుని చూసేవాణ్ణి కూడా వదిలెయ్యడం. ఆ తర్వాత మనసును ఒకచోట నిలపడం. ఆ తర్వాత ఊపిరి. ఆ తర్వాత ఆసనం. అందరూ మెట్లెక్కుతూ ఆయాసపడతారు, ఆమెకు మేడ మీద నుంచి దిగుతున్నట్టు ప్రతి వారం సులువుగా ఉండేది.

ముందు గమనించింది చెల్లెలే. దోమలు అక్క మీద వాలడం లేదు.

"నాకు ఒళ్ళంతా దద్దుర్లు, నీకొక్కటీ లేదు. నీ రక్తం చేదా ఏంటక్కా?" అని నవ్వింది మొదట్లో. తర్వాత నవ్వడం మానేసింది. పోయిన ఆదివారం గిన్నెలు కడుగుతూ కడుగుతూ అక్క ఆగిపోయింది. కుళాయి పారుతూనే ఉంది. చెల్లెలు భుజాలు పట్టుకుని కుదిపి కుదిపి ఏడిస్తే, చాలాసేపటికి గాని రెప్ప కదల్లేదు.

ఇప్పుడు చాప అక్కర్లేదు. తను కూర్చోకపోయినా ఆ నిలకడ దానంతటదే వస్తోంది. వెళ్ళడం తెలిసింది, తిరిగి రావడం తెలియలేదు. ఆరో ఫారంలో ఒక వాక్యం ఉంది: "వెళ్ళినవారు తిరిగి వచ్చే పద్ధతి మొదటి ప్రకరణంలోనే చెప్పాం." అది చదివిన రోజు నుంచి ఆమె మొదటి ఫారం కోసం ఎదురుచూస్తోంది.

పొద్దున గడప దాటుతుంటే చెల్లెలు అడిగింది. "ఇవాళ వస్తుందన్నావుగా?"

"వస్తుంది."

"చేతిలో పడగానే చదివెయ్. నడుస్తూ చదువు, రోడ్డు మీద నుంచుని చదువు, నాకేం. చదవకుండా మాత్రం ఇంటికి రాకు."

పదకొండింటికి లారీ వచ్చింది. కట్టలు దించి, గోడవారగా పేర్చి, పైన ముతక కాగితం కప్పి చెక్క పెట్టారు. చివరక్క లేచి వెళ్ళింది.

"మేస్త్రీ, ఒక్కటి చూస్తాను."

"తడి ఆరలేదమ్మా. కదిలిస్తే సిరా అంటుకుపోద్ది. సాయంత్రం నీ చేత్తోనే విప్పుదువుగాని."

"ఒక్కటే."

"ముప్పై ఏళ్ళలో ఏనాడైనా తొందరపడ్డావా నువ్వు? ఏమున్నాయి అందులో, లంకెబిందెలా?"

జిగురు పూసే పిన్ని బ్రష్షు పైకెత్తింది. "మోక్షం లారీలో వచ్చిందేమో మేస్త్రీ. దించుకోనీ పాపం."

అందరూ నవ్వారు. చివరక్క తన పీట దగ్గరికి వెళ్ళిపోయింది.

మధ్యాహ్నం అంతా భోజనాలకు వెళ్ళాక కట్టల దగ్గర ఒక్కతే నిలబడింది. చెక్క ఎత్తితే చాలు. కాని పోయిన వారం రెండో ఫారంలో నియమాలు చదివింది. అడగకుండా తీసుకోకూడదు. అడిగితే వద్దన్నదాన్ని అసలే ముట్టుకోకూడదు. వరసగా చదివినవాళ్ళు ఇంతదూరం వచ్చేసరికి ఆ మాట మర్చిపోయి ఉండేవారేమో. ఆమెకది నిన్నటి మాట. సిరా వాసన వస్తోంది. చెయ్యి చాపి, వెనక్కి తీసుకుంది.

బల్ల దగ్గరికొచ్చి, మిగిలిన రెండో ఫారాలు మడవసాగింది. మూడింటికి ఫ్యాను చప్పుడు దూరమైంది. వద్దు, ఇప్పుడు వద్దు అనుకుంది. చెల్లెలి ముఖం తలుచుకోబోయింది. ముక్కు వచ్చింది, బొట్టు వచ్చింది, ముఖం రాలేదు. చేతులు తమ పాటికి మడుస్తూనే ఉన్నాయి. అయిదు కాగితాలు, ఆరు. ఎవరి చేతులో బాగా పనిచేస్తున్నాయని ఆమె కొంచెం ఎత్తు నుంచి చూసింది.

"చివరక్కా, రా, విప్పుదాం!" అయిదింటికి మేస్త్రి కేకేశాడు. "తడి ఆరింది."

ఆమె నిటారుగా కూర్చునే ఉంది. పిన్ని వచ్చి భుజం తట్టి, చెయ్యి గబుక్కున లాక్కుంది. మేస్త్రి ఆమె కళ్ళద్దాలు తీసి ముక్కు కింద పెట్టాడు. అందరూ వంగి చూశారు. అద్దానికి ఆవిరి పట్టలేదు.

దహనం అయిన మూడో రోజు చెల్లెలు షెడ్డుకు వచ్చింది. మేస్త్రి మొదటి ఫారం ఒకటి మడిచి, దాని మీద కళ్ళద్దాలు పెట్టి ఇచ్చాడు.

"ఇది చూస్తానంది. నేనే ఆగమన్నాను," అన్నాడు తలెత్తకుండా.

చెల్లెలు అక్క కూర్చునే పీట మీదే కూర్చుంది. కళ్ళద్దాలు బల్ల మీద పెట్టి, మడతలు విప్పింది. ఏడో పేజీలో ఉంది: "ఈ సాధన ఒంటరిగా చేయరాదు. కూర్చునే ముందు ఇంట్లో ఒకరికి చెప్పాలి. సాధకుడు ఎంత దూరం వెళ్ళినా, ఆ మనిషి రోజూ పిలిచే వరసతో మెల్లగా పిలిస్తే వస్తాడు. కుదపకూడదు."

రెండుసార్లు చదివింది. కాగితం మీద చూపుడువేలు అలాగే ఉండిపోయింది. జిగురు పిన్ని పని ఆపేసి చూస్తోంది. చెల్లెలు ఎవరినీ చూడలేదు. పక్క గదిలో ఉన్న మనిషిని పిలిచినట్టు పిలిచింది.

"అక్కా."

బల్ల మీది కళ్ళద్దాలకు, లోపలివైపు నుంచి, సన్నటి ఆవిరి పట్టి, పోయి, మళ్ళీ పట్టింది.