కాలరు లోపలి ఎర్రదారం

జయశీల నర్సు కోటును అద్దెకు తెచ్చిన మనిషికి తొడిగించాడు ఫెలిక్స్. కన్నకొడుకే తొడిగించాడు. ఇందులో వాదించడానికేమీ లేదు.

ఉత్తరాదిన వైశాలిలో ఆ మూడంతస్తుల బిల్డింగు జయశీల నర్సు జీతంతో లేచింది. పైన ఫ్లాట్లు, కింద షాపులు. మూల షాపును మాత్రం ఆమె ఎవరికీ అద్దెకివ్వలేదు. డ్యూటీ దిగి వచ్చి అక్కడ కూర్చుని, రిక్షావాళ్ళకూ, ఇళ్ళలో పనిచేసే ఆడవాళ్ళకూ కట్లు కట్టేది, బీపీ చూసేది. ఆమె పోయాక ఫెలిక్స్ తన తండ్రి అంద్రెయ చేత పవరాఫ్ అటార్నీ రాయించుకున్నాడు. బిల్డింగును కొత్తగా చేసి అమ్ముతానన్నాడు. ముందుగా ఆ గదికే తాళం వేశాడు.

"ఆ జనం మెట్లమీద కూర్చుంటే కొనేవాడెవడొస్తాడు పాపా?" అన్నాడు తండ్రితో, హిందీలో.

పోయిన వారం వచ్చి, "నాన్నా, అమ్మ కోటొకటి ఇవ్వవా? దగ్గర పెట్టుకుంటాను" అన్నాడు. తెలుగులో అడిగాడు. కొడుక్కి తల్లి గుర్తొచ్చిందని అంద్రెయ మురిసిపోయాడు. పెట్టె తీసి, తనే ఇస్త్రీ చేసి ఇచ్చాడు.

ఆదివారం చర్చి నుంచి వస్తూ బిల్డింగు దగ్గర ఆగాడు. మూల గది తెరిచి ఉంది. పైన క్లినిక్ అని మెరిసే బోర్డు. లోపల తెల్లకోటు వేసుకున్న అమ్మాయి, బెంచీమీద ఇద్దరు రోగులు. వాళ్ళలో ఒకడు నిన్నటిదాకా మెట్లకు గ్రానైటు పరిచిన మేస్త్రీ.

అమ్మాయి వంగినప్పుడు కాలరు లోపల ఎర్రదారం కనబడింది. ఆసుపత్రి చాకిరేవులో కోట్లు కలిసిపోకుండా నర్సులు పేర్లు కుట్టుకుంటారు. జయశీల తన పేరు ఎర్రదారంతో తెలుగులో కుట్టుకునేది.

"ఎవరమ్మా నువ్వు?"

"దశరథ్ భయ్యా ఆఫీసులో ఫోన్లెత్తుతాను అంకుల్. ఈ పూటకిక్కడ కూర్చోమన్నారు."

అంతలోనే బ్రోకరు దశరథ్ కొనడానికొచ్చిన పెద్దావిడను వెంటబెట్టుకుని దిగాడు. వెనకాల ఫెలిక్స్.

"నడుస్తున్న క్లినిక్ మేడమ్! కదలని కిరాయిదారు. కావాలంటే అంకుల్‌జీని అడగండి, చర్చి మనిషి, అబద్ధమాడడు."

"నిజంగా నడుస్తోందా భాయీసాబ్?" అందావిడ.

"నాన్నా, అవునను చాలు" అన్నాడు ఫెలిక్స్ మెల్లగా. మళ్ళీ తెలుగే. పనిపడితే తప్ప వాడి నోట తెలుగు రాదని అంద్రెయకు అప్పుడర్థమైంది.

"నా భార్య నడిపింది. వీడు మూశాడు. ఆ కోటు ఆమెది. ఆ రోగి మా మేస్త్రీ."

మేస్త్రీ లేచి గోడకేసి చూశాడు. పెద్దావిడ పకపకా నవ్వింది. "అచ్ఛా! అయితే రేటు తగ్గించు దశరథ్" అని లిఫ్టు చూడ్డానికి వెళ్ళిపోయింది. అంతే. బతికినన్నాళ్ళూ జయశీల చేసిన సేవ వాళ్ళ బేరంలో అంతవరకే పనికొచ్చింది.

అమ్మాయి కోటు విప్పి, మడిచి, రెండు చేతులతో ఇచ్చింది. "సారీ అంకుల్" అంది. ఆ మాట అన్నది ఆ అమ్మాయి ఒక్కతే.

బిల్డింగు అమ్ముడైంది. ఫెలిక్స్ మిఠాయి డబ్బాతో వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"నాన్నా, ఆ రోజు అమ్మ కోటు విషయం..."

"దాని గురించి ఒక్క మాట ఆడను. నీతో కాదు, పాస్టరుగారితో కాదు, చచ్చేదాకా ఎవరితోనూ కాదు. ఇది వింటే, తల్లి గుర్తడిగిన కొడుకుని ఇంకే తండ్రీ నమ్మడు."

అంద్రెయ తలుపు వేసుకున్నాడు.