జొన్నగింజంత వెడల్పు

మంగళవారం సాయంత్రం నాలుగు గంటల పది నిమిషాలకు, నల్లగొండ నుంచి చిట్యాల పోయే బస్సు దుమ్ము లేపుకుంటూ ఊరి బయటి సడక్ దాటిపోయాక, పెద్దులు తడిగుడ్డలో చుట్టిన తోలు విప్పి రాతి పలక మీద పరిచాడు. తుమ్మలకుంటలో గడియారం ఉన్నది పోలీసు పటేలు ఇంట్లో ఒక్కటే. మిగతా ఊరికి ఆ బస్సే గడియారం.

పెద్దులు ఎవరికి చెప్పులు కుట్టినా కొలత బస్సు పోయాకే తీస్తాడు. పొద్దంతా నడిచిన కాలు సాయంత్రానికి ఉబ్బుతుంది. అప్పుడు పట్టిన చెప్పు ఎప్పుడైనా పడుతుంది. కూర్చున్న మనిషి కాలు కొలవడు. నిలబడి బరువు మోపాలి. రెండు కాళ్లూ చూసి, పెద్దదాని కొలతకే జత కుట్టాలి. పొడవుకు జాన చాలు. వెడల్పుకు మాత్రం తాటాకు చీలికను వేళ్ల మొదట్లో పాదం చుట్టూ వేసి గోటితో గంటు పెడతాడు. పొడవు తప్పిన చెప్పుతో మనిషి ఎట్లాగో నడుస్తాడని, వెడల్పు తప్పితే నడవలేడని అతని తండ్రి చెప్పేవాడు.

ఆ రోజు వచ్చింది గొర్లు కాసే సోమన్న. గొంగడి భుజాన వేసుకుని, చెప్పులు చేత్తో పట్టుకుని వచ్చాడు.

"ఎడమది కరుస్తాంది పెద్దులు. జర వదులు చెయ్యి."

"ఏస్కో. నిలవడు."

సోమన్న నిలబడ్డాడు. పెద్దులు వంగి చూశాడు. చిటికెన వేలి పక్కన పాదం చెప్పు అట్ట దాటి బయటికి వచ్చింది. కుడికాలు కూడా అంతే.

"జొన్నగింజంత," అన్నాడు.

"గొర్లెంబడి తిరిగి తిరిగి వాచింది."

పెద్దులు బొటనవేలితో పాదాన్ని నొక్కి తీశాడు. "వాపైతే గుంట పడతది. పడలే."

మోట తోలుసంచి కుట్టించుకోవడానికి వచ్చి గోడవారగా కూర్చున్న బిక్షమ్మ ఇదంతా చూస్తూనే ఉంది. "ఏందన్నా, ఏం దాస్తున్నవు? మాకు గూడ చెప్పరాదు?"

"నీకు చెప్తే చిట్యాల అంగడిల చాటింపు ఏసినట్టే."

"చెప్తే తగ్గేది నీ కాలే గదా! నీ పుణ్యానికే అడుగుతున్న."

సోమన్న నవ్వాడు గాని, నవ్వు సరిగ్గా రాలేదు.

మనిషి ఏదైనా దాస్తే కాలు వెడల్పవుతుందని ఆ ప్రాంతంలో అందరికీ తెలుసు. చిన్న అబద్ధాలకు కాదు, పెద్దవి దాస్తేనే. ఇంకొకరికి చెప్పేస్తే చెప్పినవాళ్ల కాలు మామూలవుతుంది. విన్నవాళ్లు దాచుకుంటే వాళ్ల కాలు పెరుగుతుంది. అందుకే కొత్త సంబంధం చూడబోయిన పెద్దలు పిల్లవాడి పాత చెప్పులు కూడా తెప్పించుకుని చూసేవారు. ఏడాదికి ఒకసారి ఏరువాక పున్నమికి పెద్దులు ఇంటింటికీ చెప్పులు కుట్టి ఇస్తాడు కాబట్టి, ఏరువాక తర్వాత ఎవరు ఏం దాచారో ఆ జతలోనే తేలిపోతుంది.

పెద్దులు ఇంకేమీ అడగలేదు. అడిగితే సోమన్న చెప్తాడేమోనని భయం. పాదం మీది పాత తోలు వారు కోసి, కొంచెం పొడవైన కొత్త వారు వేసి బిగించాడు.

"అట్టను పెంచలేను, వారు పెంచిన. కొత్త తోలు తెల్లగ కనవడతది సోమన్నా. బురద పూస్కో."

సోమన్న తల ఊపి వెళ్లాడు. అతను వీధి మలుపు తిరిగేలోపే బిక్షమ్మ సంచిని అక్కడే వదిలి లేచింది.

సోమన్న భార్య గోపమ్మకు బిక్షమ్మ చెప్పింది కొత్త వార్త కాదు. ఆమెకు అప్పటికే వారం నుంచి అనుమానం ఉంది. మొగుడు పొద్దున జొన్న గట్క ముంత నింపుకుని పోయి, సాయంత్రం ఆకలితో వస్తున్నాడు. పాత చీరె ఒకటి దండెం మీద లేదు. అడిగితే గొర్రెపిల్లల కింద పరిచానన్నాడు. అన్నిటికన్నా ముఖ్యం, ఆదివారం గొంగడి దులుపుతుంటే మడతలో నుంచి ఒక ముక్క రాలింది. గోధుమరొట్టె ముక్క. ఆమె దాన్ని వాసన చూసింది. నెయ్యి రాసిన రొట్టె. జొన్నలు తినే ఇంటి గొంగడిలోకి అది నడిచి రాదు. ఊర్లో గోధుమరొట్టెలు కాల్చేది రెండిళ్లలోనే, పట్వారి ఇంట్లో, పోలీసు పటేలు ఇంట్లో. ఆ ఇళ్లల్లో ఎవరు కాలుస్తారు, ఎవరు బయటికి తెస్తారు అని ఆమె ఒక్కొక్కరి ముఖం గుర్తు చేసుకుంది. పట్వారి ఇంట్లో పనిచేసే యాదలక్ష్మి దగ్గర ఆగింది.

"మట్టెల మీద ఒట్టేసి చెప్పు. ఎవరది?" అని ఆ రాత్రి అన్నం పెడుతూ అడిగింది.

"ఎవరూ లేరు."

"మరి కాలెందుకు పెరిగింది? పున్నెం చేసి పెరిగిందా?"

సోమన్న తినడం ఆపి చేయి కడుక్కున్నాడు. అది కూడా ఆమె గుర్తు పెట్టుకుంది.

అది 1948 ఫిబ్రవరి. ఊర్లో మాట్లాడుకునేటప్పుడు ఒకరి ముఖం ఒకరు చూడటం తగ్గి చాలా రోజులైంది. ముందు కాళ్ల వైపు చూసేవారు. పది రోజుల కింద పక్క ఊరిలో పోలీసులు, నిజాం మీద తిరగబడ్డ సంఘం వాళ్ల ఇల్లు చుట్టుముడితే, ఒక ఆడమనిషి గోడ దూకి తప్పించుకుంది. మడమకు తూటా తగిలిందని, దూరం పోయి ఉండదని పోలీసుల లెక్క. అంతకుముందు ఇట్లాగే ఒకరికి నీడ ఇచ్చిన మనిషిని నల్లగొండ తీసుకుపోయారు. అతని ఇల్లు తగలబడింది. అతను తిరిగి రాలేదు.

బుధవారం పొద్దుగూకే వేళ డప్పు మోగింది.

"రేపు పొద్దుగాల మొగోళ్లందరు చావడి కాడికి రావాలె! ఏరువాక చెప్పులు కాళ్లకేస్కొనే రావాలె! జమేదార్ సాబ్ వస్తున్నడు! పటేలు హుకుం!"

డప్పు కొట్టించిన మాట వాడల్లో అందరినీ ఆశ్చర్యపరిచింది. కాళ్లు చూస్తారన్నది కాదు, అది ఎప్పుడో ఒకప్పుడు వస్తుందని తెలుసు. చావడి ముందు చెప్పులేసుకుని నడవమన్నారు. గొర్లోళ్లూ మాదిగోళ్లూ చావడి కంటపడగానే చెప్పులు విప్పి చేత్తో పట్టుకోవాలన్నది తాతల నాటి కట్టు. హుకుం ఇవ్వకపోతే సగం ఊరు చెప్పులు ఇంట్లో వదిలి వట్టికాళ్లతో వస్తుంది. అయినా పట్టుకోదలచినవాడు ముందు రోజే డప్పు కొట్టి చెప్తాడా అని ఒకరిద్దరు గొణిగారు. పటేలు ఉత్తగా ఏదీ చేయడని, ఇందులో ఇంకేదో ఉచ్చు ఉందని తేల్చుకున్నారు.

గోపమ్మ దీపం వెలిగించి తలుపు దగ్గరికి వేసింది.

"చెప్పు," అంది.

"వద్దు. విన్నంక నీ కాలు పెరుగుతది."

"పెరగనీ. నాకు చెప్పులేడియి? ఆడోళ్ల కాలు ఎవడు కొలుస్తడు?"

సోమన్న ఆమె వైపు చూశాడు. ఆ సంగతి అతనికి తట్టలేదు. ఊర్లో ఆడవాళ్లెవరికీ చెప్పులు లేవు. పెద్దులు తాటాకు ఏ ఆడమనిషి పాదాన్నీ తాకలేదు. పాత కొలత లేని కాలు పెరిగిందో లేదో జమేదారు తాత దిగివచ్చినా తేల్చలేడు.

"లీలమ్మ," అన్నాడు.

"అంటే ఆడదే."

"ఆడదే. మిర్యాలగూడెం దిక్కు మనిషి. గోడ దూకింది ఆమెనే. మన మంద ఎనక గుండ్ల సందుల ఉన్నది. మడమ పగిలి నడవస్తలేదు. మొదటి రోజు పిల్లలేసిన గొర్రె కోసం పోతే కనవడ్డది. ఏం జెయ్యాలె? ఒర్లితే పోలీసులొస్తరు, వదిలిపెడితే నక్కలొస్తయి."

"వయసెంత?"

"నాకేం ఎర్క? నీ ఈడుంటది."

"సక్కగుంటదా?"

"జరమొచ్చి మూల్గుతున్న మనిషిని సక్కగున్నదా లేదా చూస్తరానే?"

"చూస్తరు," అంది గోపమ్మ. "చీరె గూడ ఆమెకే?"

"కట్టు కట్టడానికి చింపిన."

"మరి గోధుమరొట్టె?"

"అది నాకూ సమజైతలేదు. రెండుసార్లు నేను పొయ్యేసరికే గుండు కాడ తెల్లగుడ్డల కట్టి ఉండె. నేను పెట్టలే. ఎవలు పెట్టిన్రని అడిగితే ఆమె నిద్రల ఉన్నదట, చూడలేదట. నాకొక తుంట ఇచ్చింది, తిననీకె మనసొప్పక గొంగట్ల పెట్టుకున్న."

మిగతాదంతా గోపమ్మ నమ్మింది. రొట్టె సంగతి నమ్మలేదు. దాన్ని నమ్మకుండానే, "ఇంకెవరికీ చెప్పకు," అంది. ఆ మాట నోట్లో ఉండగానే ఆమె కాలి వేళ్లు మట్టెల లోపల బిగుసుకున్నాయి. ఎదురుగా సోమన్న చెప్పుల్లో కాళ్లు పెట్టి చూసుకున్నాడు. పాదం అట్ట మీద సరిగ్గా కూర్చుంది. ఆ సాయంత్రం వాడల్లో చాలా తలుపులు ముందే మూసుకున్నాయి. లోపల మాటలు మెల్లగా నడిచాయి.

గురువారం పొద్దున జమేదారు చావడి అరుగు మీద కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు. అతని బూట్ల నాడాలు రెండువైపులా కలవడం లేదు, మధ్యలో నాలుగు వేళ్ల సందు ఉంది. ఎవరూ అటు చూడలేదు. పక్కన నవారు మంచం మీద పోలీసు పటేలు వక్కలు కత్తిరిస్తున్నాడు.

"డప్పు ఎవడు కొట్టమన్నడు పటేల్ సాబ్?" అని జమేదారు చిరాగ్గా అడిగాడు.

"చెప్పులు తేకుంట వస్తే దేంతోని చూస్తరు? మా ఊరోళ్లు నా ముంగట చెప్పులేసుకోరు."

జమేదారు అతని వైపు కొంచెంసేపు చూసి వదిలేశాడు.

ఒక్కొక్కరే వచ్చి నిలబడ్డారు. జవాను వంగి పాదం అంచు చూసి, "ఠీక్" అన్నాడు. వరసగా ఠీక్ అంటూనే పోయాడు. ఇంత సజావైన ఊరు తాను చూడలేదని జమేదారు అన్నాడు గాని, అది మెచ్చుకోలు కాదు. జానయ్య దగ్గర వరస ఆగింది. అతని పాదం రెండు జొన్నగింజలంత బయటికి ఉంది. భార్య పోయి మూడేళ్లయింది. చెప్పుకోవడానికి అతని ఇంట్లో ఎవరూ లేరు. జవాన్లు అతన్ని రెక్కలు పట్టి పక్కకు కూర్చోబెట్టారు.

తర్వాత సోమన్న. పాదం అట్టకు సరిపోయింది. జవాను ఠీక్ అనబోతుండగా జమేదారు కుర్చీలోంచి ముందుకు వంగి, లాఠీ కొసను వారు కింద దూర్చి పైకి లేపాడు. లాఠీ సులువుగా దూరింది.

"గింత వదులేంది? వారు కొత్తది. ఎప్పుడేసినవ్?"

సోమన్న బురద పూసుకున్నాడు గాని, నడకలో అది రాలిపోయింది. "మొన్న, సాబ్. కరుస్తుండె."

"మొన్న కరిచింది, నేడు వదులైంది. ఏం సంగతి? కాలు తగ్గిందా?"

"చెప్పులు కుట్టిందెవడు?" అని జమేదారు అరిచాడు. తనకంటూ ఎన్నడూ జత కుట్టుకోని పెద్దులు వట్టికాళ్లతో ముందుకు వచ్చి చేతులు కట్టుకున్నాడు.

అప్పుడు పటేలు వక్క నోట్లో వేసుకుంటూ, "ఆ కొలత తప్పు సాబ్," అన్నాడు. "ఏరువాకకు వీడు ఆ గొర్లోని కాలు పొద్దుగాల్నే కొలిచిండు. నేనాడనే ఉన్న. పొద్దుటి కొలత సాయంత్రం కరవదా? ఏమిరా పెద్దులు?"

"ఔ దొరా," అన్నాడు పెద్దులు. "నాదే తప్పు. కరుస్తుందంటే వారు మార్చిన. జర ఎక్కువ వదిలిన."

జమేదారు పెద్దులు కాళ్లు చూశాడు. చెప్పులు లేని కాళ్లు, తోలు నానబెట్టే తంగేడు చెక్క రంగు పట్టి, వెడల్పుగా ఉన్నాయి. ఎప్పటి నుంచి అంత వెడల్పో చెప్పడానికి ఆధారం లేదు. లాఠీ వెనక్కి తీసుకుని, "ఆగే బఢో," అన్నాడు.

సోమన్న కదిలాడు గాని, పటేలు మాట అతనికి అర్థం కాలేదు. ఏరువాకకు పెద్దులు తన కాలు కొలిచింది సాయంత్రం, బస్సు పోయాక. పటేలు ఆ దరిదాపుల్లో లేడు. లేని మాట ఎందుకు ఆడాడు? ఇంటికి పోయి గోపమ్మతో అదే అన్నాడు.

"బాకీ ఏసుకున్నడు," అంది గోపమ్మ. "ఎప్పుడో వసూల్ చేస్తడు. గొర్రెనో, మనిషినో అడుగుతడు."

జానయ్య చిట్యాల చేరేలోపే రెండు దెబ్బలకు ఒప్పుకున్నాడు. గడీ మేకపోతు దారి తప్పి వస్తే కోసుకు తిన్నాడట. రెండు పండ్లు పోగొట్టుకుని, మామూలు కాళ్లతో శుక్రవారం తిరిగి వచ్చాడు. ఆ రాత్రే లీలమ్మ గుండ్ల సందు విడిచి పోయింది. గొర్ల మంద మధ్యలో, సోమన్న గొంగడి కప్పుకుని, కట్టె పట్టుకుని మూసీ దాటింది.

గోపమ్మ వేళ్ల దగ్గర మాత్రం మట్టెలు కోసుకుంటూనే ఉన్నాయి. ఆదివారం చిట్యాల అంగడికి పోయి కంసాలి ముందు కాలు చాపింది. ముసలి కంసాలి పటకారు తీసుకుని నవ్వాడు.

"మీ తుమ్మలకుంట ఆడోళ్లకు ఏమైందే ఈ వారం? అందరికీ మట్టెలు వదులు చెయ్యాలెనాయె. నిన్న గూడ మీ బిక్షమ్మ వచ్చిపోయింది."

"బిక్షమ్మనా? ఆమె నోట్ల నువ్వు గింజ నానదు గదా! ఆమె ఏం దాస్తది?"

"అది నాకేం ఎర్క? నేను కాళ్లే చూస్త, మాటలు వినను. వింటే నా కాళ్లు ఏమైతయి?"

మట్టె ఊడివచ్చింది. కింద ఎర్రగా కమిలిన గీత ఉంది. గోపమ్మ ఊపిరి వదిలి, డప్పు మోగిన రాత్రి ఎంతమంది మొగుళ్లు నోరు విప్పారో లెక్కేసుకుంటూ, "బుధవారం నుంచి నీకు మంచి గిరాకే," అంది.

"బుధవారం కాదు, అంతకు ముందే మొదలైంది," అన్నాడు కంసాలి. "మొదట కబురు పెట్టి ఇంటికి పిలిపించుకున్నది మీ పటేలు భార్య లక్ష్మీనర్సమ్మ దొరసాని. సోమవారం పొద్దున. వంటింటి గడప కాడ కూసోబెట్టి చేయించుకున్నది. పొయ్యి మీద గోధుమరొట్టెలు కాలుతుండె, రెండు నాకూ పెట్టింది."